పాడని కేనరీ

“ఇవాళైనా పాడిందా?” చెప్పులు విప్పకుండానే అడిగాడు చక్రపాణి.

“లేదండీ. ముందు మీరిలా వచ్చి కూర్చోండి,” అంది మంచం మీంచి కమలకుమారి.

పనిమనిషి రుద్రమ్మ మంచినీళ్ళిచ్చి ఇంటికి వెళ్ళిపోయింది.

కమలకుమారి జబ్బు ముదిరిపోయింది. ఇంటికి తీసుకెళ్ళి, ఉన్నన్నాళ్ళు సంతోషంగా చూసుకోమన్నారు పంజాగుట్ట డాక్టర్లు. చక్రపాణి ఆ సాయంత్రమే మగ కేనరీ పిట్టను కొనుక్కొచ్చాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల కోసం ఊళ్ళకు ఊళ్ళు అమీర్‌పేట మీద పడుతున్న రోజులవి. మైత్రీవనంలో బ్యాచ్ మీద బ్యాచ్ జావా చెప్పుకునే మనిషికి ఇంట్లో కూర్చునే తీరికేదీ? తాను లేని లోటు పిట్ట తీరుస్తుందనుకున్నాడు. కొన్నాళ్ళు అది ఇల్లదిరేలా పాడింది కూడా. చలికాలం రాగానే నోరు మూసుకుంది. పాపిష్టి పిట్ట, దానికీ అదే అదను దొరికింది.

పక్క కోచింగ్ సెంటర్లో జువాలజీ చెప్పే స్వరాజ్యంగారిని అడిగాడు.

“పగలు కురచైతే మగపిట్ట ఒంట్లో హార్మోన్ పడిపోతుందండీ. పాట ఆగిపోతుంది. బల్బు వేసి పగలు పొడిగించండి. దానికి తోడూ కావాలి. దగ్గర కూర్చుని ఎవరైనా పలకరిస్తుండాలి.”

పంజరం పక్కన బల్బు పెట్టించాడు. పొద్దున్నుంచీ ఆర్పొద్దని రుద్రమ్మకు చెప్పాడు. సాయంత్రం బ్యాచ్‌లు వదిలేసి, చీకటి పడేసరికి ఇంటికొచ్చి పిట్ట ముందు కూర్చుని ఈల వేసేవాడు.

“అది ఒక్కసారి గొంతు విప్పనీ కమలా, మళ్ళీ బ్యాచ్‌లు పట్టుకుంటాను.”

“మీ ఈలకి ఉన్న పిట్ట కూడా పారిపోతుంది,” అని నవ్వేది కమలకుమారి. అన్నం కలిపి పెడితే మారు అడిగేది. చక్రపాణి మాత్రం లోలోపల కుమిలిపోయేవాడు. మళ్ళీ ఒక్క పాటైనా వినకుండానే పోతుందేమో, ఈ చిన్న సంతోషమైనా ఇవ్వలేకపోయానే అని.

అలాగే పోయింది. పిట్ట పాడనే లేదు.

కర్మకాండలన్నీ అయిపోయి చుట్టాలు వెళ్ళిపోయారు. బల్బు మాత్రం అలవాటుగా వెలుగుతూనే ఉంది. కొన్ని వారాలు గడిచాక ఒక ఉదయం, రుద్రమ్మ ఇల్లు ఊడుస్తుండగా, కేనరీ పాట ఎత్తుకుంది.

చక్రపాణి పంజరం ముందు కూలబడి భోరుమన్నాడు. “ఇప్పుడా పాడేది? ఆమె ఉన్నప్పుడు నీకేం మాయరోగం?”

రుద్రమ్మ చీపురు పక్కన పెట్టింది. “దాన్నేమనకుండ్రి సార్. మీరు పోంగనే బల్బు బంద్ చేసి, పంజరం మీద దుప్పటి కప్పుమనేది అమ్మ. మీరొచ్చే యాళ్ళకు తీసేస్తుంటి.”

“కమల చెప్పిందా? ఎందుకు?”

“అది పాడితె మీరు మళ్ల క్లాసులకు పోతరని.”