జనానా వైపు గిలాబు

ఆత్మారాం ఇంటి పడమటి గోడ ఈ వానాకాలం దాటదని వాడకట్టు ఈరవ్వ నల్లా దగ్గర చెప్పిందట. పైన పూసిన సున్నం గిలాబు పెళ్లలు పెళ్లలుగా రాలి లోపలి మట్టి జారుతున్నదట. బాగు చేయిద్దామంటే ఆ గోడ బయటి మొహమంతా పక్కింటి జమీల్ వాళ్ల ఆడోళ్ల వాకిట్లో ఉందట. "అండ్లకు మొగ పురుగు పోవద్దు. ఇగ మేస్త్రిని ఆకాశంకెల్లి దింపాల్నేమో" అని నవ్విందట కూడా.

ఈరవ్వ ఆ మాట అంటున్న పొద్దుకే లాజరు మేస్త్రి ఆ వాకిట్లో, ఆ గోడకే మంచె కట్టుకుని తాపీ పట్టాడు. జమీల్ కింద నిలబడి వేలు చూపించి మరీ చెప్పాడు.

"వాన తెరిపిచ్చింది ఇయ్యాల ఒక్క దినమే. ఆత్మారాం బతిమిలాడితే ఒప్పుకున్న. మా అమ్మ, చెల్లె బిల్కిస్ రెంజల్ల పెండ్లికి పోయిండ్రు. ఆళ్లకు చెప్పలే, చెప్తే ఒప్పరు. అయిదింటికి, అసర్ నమాజు యాళ్లకు వచ్చి తాళం తీస్త. అప్పటికి నువ్వు, నీ మంచె, నీ సున్నం ఏదీ ఉండద్దు."

"గంతకు ముందే అయిపోతది భాయ్."

"ఇను. మా చెల్లెకు నిజామాబాద్ సంబంధం నడుస్తుంది. పరాయి మొగోడు మా జనానాల కనవడ్డడని ఒక్క మాట లేచిందో, నీ కాళ్లు ఇరగ్గొడత. మళ్ల బోధన్ల నీకు తాపీ పట్టే పని దొరకది."

బయట తాళం వేసుకుని దుకాణానికి పోయాడు.

మధ్యాహ్నానికి సగం గోడ అయింది. తాళం గిరుక్కుమంది. జమీలే అనుకుని లాజరు నోరు తెరవబోయాడు. గాజుల చప్పుడు వినిపించి నోరు మూసుకున్నాడు.

వాగు పొంగిందట. బస్సు సగం దారి నుంచే మళ్లిందట. వస్తూనే జమీల్ తల్లి ఖాసింబీ వాగును తిట్టింది. బొడ్లో ఉన్న రెండో తాళం చెవి తీసుకుపోవడం మంచిదైందని తన తెలివిని తనే మెచ్చుకుంది. బిల్కిస్ మంచెను చూసి ఇదేమిటని అడిగింది. "ఆత్మారాం గోడకు గావచ్చు. పని చేసి పోయినట్టున్నరు. బయట తాళం ఉన్నది గదా, లోపట ఎవలుంటరు?" అంది తల్లి.

ఎండకు పచ్చి గిలాబు పగలకుండా మంచె చుట్టూ తడి గోనెపట్టాలు వేలాడదీసుకున్నాడు లాజరు. ఇప్పుడవే అతని ప్రాణాన్ని కాస్తున్నాయి. బురఖాలు తీగమీద పడ్డ చప్పుడైంది. అతను ముక్కు గోడకు ఆనేదాకా జరిగాడు. ఆ ఇరుకు వాకిట్లోంచి బయటికి పోవడానికి ఉన్నది ఒక్కటే తలుపు. ఖాసింబీ ఆ తలుపుకు అడ్డంగా, గోనెపట్టాల నీడలోనే చాప పరుచుకుని కూచుంది. పాన్‌దాన్ మూత తెరిచింది.

అసర్‌కు ఇంకా మూడు గంటలుంది.

సున్నం అంతసేపు ఆగదు. మంచె కింద ఇనుప గమేళాలో బెల్లం నీళ్ల సున్నం గట్టిపడుతోంది. మధ్యలో ఆపితే అతుకు పడుతుంది. ఆ అతుకులోంచి నీళ్లు దిగితే వచ్చే వానకే గోడ కూలుతుంది. చెక్కతో కొట్టి నునుపు చేయాలి, కొడితే చప్పుడు. తుమ్ము వస్తే ముక్కు నలుపుకున్నాడు. కాలు తిమ్మిరెక్కితే అట్లాగే ఉంచుకున్నాడు. చివరికి చెక్క పక్కన పెట్టి ఉత్త అరచేత్తో మెల్లగా రుద్దసాగాడు. సున్నం వేళ్ల సందుల్లో మంట పెట్టింది. పళ్లు బిగబట్టి రుద్దాడు.

ఓ ముద్ద జారింది. మంచె పలకల సందులోంచి పోయి ఖాసింబీ చాప మీద టప్పున పడింది.

"నా పాన్‌దాన్ల సున్నమున్నది," అంది ఆమె తలెత్తకుండానే. "పైకెల్లి వేస్తున్నదెవలు?"

బిల్కిస్ కెవ్వుమని లోపలికి పరుగెత్తింది.

"నేను అవ్వా... లాజరును, మేస్త్రిని. నేనేం సూడలే. మొహం గోడ దిక్కే ఉన్నది. ఏసయ్య మీద ఒట్టు!"

"ఏ ఊరు?"

"పుట్టింది రెంజల్. సాయవ్వ కొడుకును. భాయే తాళమేసి పోయిండు. జర నువ్వు లోపటికి పోతే దుంకి ఉరుకుత అవ్వా, నీ కాల్మొక్త."

పాన్‌దాన్ మూత పడ్డ చప్పుడైంది.

"రెంజల్ సాయవ్వ కొడుకువా?" అంది ఖాసింబీ. గోనెపట్టా పక్కకు తొలగింది. నెరిసిన తల, ముసుగు లేకుండా, కిందనుంచి అతన్నే చూస్తోంది. లాజరు గట్టిగా కళ్లు మూసుకున్నాడు.

"బిల్కిస్, ఇటు రా. సున్నం ఎండుతుంది. గమేళ అందియ్యి."

"అమ్మీ! తల మీద ఓఢ్నీ..."

"అవసరం లేదు. రా."

ఆ పిల్ల మొహం పక్కకు తిప్పుకుని గమేళా ఎత్తింది. లాజరు కళ్లు తెరవకుండానే అందుకున్నాడు. ఇంతకుముందు దొరికితే దెబ్బలతో పోయేది. ఇప్పుడు దొరికితే పీనుగే.

అప్పుడే జమీల్ వచ్చాడు. బస్సు మళ్లిందని బజార్లో విని ఉరికొచ్చినట్టున్నాడు, చొక్కా అంతా చెమట. ముసుగు లేని చెల్లెలు, ఆమె చేతిలోంచి గమేళా అందుకుంటున్న మేస్త్రి, తీరిగ్గా పాన్ నములుతున్న తల్లి. ఒక్క ఉదుటున వెళ్లి మంచె వాసం పట్టి ఊపాడు.

"దిగు బే!"

"దిగుత భాయ్, ఊపకు... పడిపోత!"

జమీల్ తల్లి వైపు తిరిగి ఉర్దూలో అరిచాడు. వాడు పరాయి మగాడని, కూలోడని, ఇంటి ఇజ్జత్ సున్నంలో కలిసిందని, నిజామాబాద్ వాళ్లకు ఏం మొహం చూపించాలని అరిచాడు.

ఖాసింబీ పాన్ ఉమ్మేసి వచ్చింది. మంచె మీదివాడికి కూడా తెలియాలన్నట్టు తెలుగులోనే చెప్పింది.

"నా తొల్సూరు బిడ్డ పురిట్లనే పోతే, రెంజల్ల మా అవ్వగారింట్ల పాలు సేపుకొచ్చి ఏడ్సుకుంట ఉన్న. పాలు పడని సాయవ్వ వీణ్ని తెచ్చి నా ఒళ్లె ఏసింది. ఏడాది తాగిండు. మన మతంల పాలు తాగినోడు సొంత కొడుకే. కొడుకు ముంగట తల్లికి, చెల్లెకు పర్దా ఏందిరా? నీకన్న ముందు తాగిండు వాడు!"