అమ్మకి తీరిక లేదు

"కాస్త జరగమ్మా, కుర్చీలొస్తున్నాయి."

పండు జరిగేలోపే కుర్చీ కాలు మోచేతికి తగిలింది. చేతిలో ఫోన్ ఎగిరి కిందపడింది.

"కళ్లెక్కడ పెట్టుకున్నారండీ!" అని అరిచేసింది.

గళ్ల చొక్కా, బట్టతల ముసలాయన కుర్చీలు దించాడు. ఫోన్ తీసి, చొక్కా అంచుతో తుడిచి ఇచ్చాడు.

"పగల్లేదులే అమ్మా."

పగిలి ఉంటే పండు ప్రాణం అక్కడే పోయేది. సముద్రాల అవతల ఆసుపత్రిలో ఉన్న అమ్మకీ, తనకీ మధ్య ఉన్నది ఆ ఫోనొక్కటే.

ముప్పై దాటినా ఇంట్లో ఆమె పండే. అమ్మ పుట్టిన దేశానికి రావడం ఇదే మొదటిసారి. అమ్మ పుట్టింటివాళ్లంతా ఒకచోట కలవాలని హాలు తీసుకున్నారు. నిజానికి రావలసింది అమ్మే. ప్రయాణం పెట్టుకున్నాక ఊపిరి అందక మంచాన పడింది.

"నువ్వెళ్లు," అంది అమ్మ. "మా చిన్నన్నయ్యని పట్టుకో. కబురు పంపిస్తే నా కోసం వస్తానన్నాడు. ఒక్కసారి మాట్లాడించు. నా సంగతి మాత్రం ఎవరికీ చెప్పకు. ఇన్నాళ్లకి కలుసుకుంటున్నారు, అక్కడ ఏడుపులొద్దు."

"నేనెలా గుర్తుపట్టను?"

"గుబురు జుట్టు, రింగులు రింగులుగా. ఎక్కడున్నా తెలిసిపోతాడు."

పొద్దుట్నుంచి పండు మనుషుల మొహాలు చూడటం మానేసి నెత్తులు చూస్తోంది. సగం బట్టతలలే.

పెద్దమామయ్య కొడుకుని పక్కకి లాగింది.

"బావా, చిన్నమామయ్య రాలేదా?"

బావ గాభరాగా చుట్టూ చూశాడు. "నీకు దణ్ణం పెడతా, ఆ ఊసెత్తకు! వాడు గుమ్మంలో కాలు పెడితే నేనుండనని నాన్న ముందే చెప్పాడు."

"అసలు గొడవేంటి?"

"నాన్నకే గుర్తులేదు. కోపం మాత్రం భద్రంగా ఉంది."

"వస్తే నువ్వు గుర్తుపడతావా?"

"నేను పుట్టకముందే ఇల్లు వదిలాడు. ఆయన్ని ఎరిగిన పెద్దవాళ్లలో ఇక మిగిలింది నాన్నొక్కడే."

ఆ నాన్న హాలు మధ్యలో నల్ల కళ్లద్దాలతో కూర్చున్నాడు. కంటి ఆపరేషన్ అయింది. చెవి మిషన్ పెట్టుకోమంటే కస్సుమంటాడు. ఎవరు పలకరించినా "బాగున్నావా అమ్మాయ్" అంటున్నాడు, మీసాలున్నవాళ్లని కూడా.

అందరూ పండుని అడిగేది ఒకటే. "మీ అమ్మేదీ?"

"అమ్మకి తీరిక లేదు." పండు కూడా అదే పాట పాడుతోంది.

అంతలో ఆసుపత్రి నుంచి పండు నాన్న ఫోన్ చేశాడు.

"డాక్టరు పెదవి విరిచాడమ్మా. అమ్మ కళ్లు తెరవట్లేదు, పిలిస్తే పలకట్లేదు. మామయ్య దొరికాడా?"

"లేదు నాన్నా."

"వెతుకమ్మా. నీకు పుణ్యముంటుంది."

కన్నకూతుర్ని నాన్న అలా బతిమాలడం ఎప్పుడూ వినలేదు. పండు వరండాలోకి పోయి, స్తంభం చాటున నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది.

గళ్ల చొక్కా ముసలాయన మంచినీళ్ల గ్లాసుతో వచ్చాడు.

"ఏమ్మా, ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉన్నాను."

"దూరం నుంచి వచ్చావటగా. అమ్మ రాలేదా?"

"అమ్మకి తీరిక లేదు."

"సాయంత్రానికైనా వస్తుందా?"

"రాదు."

"పోనీ ఫోన్లో ఒక మాట..."

పండుకి ఒళ్లు మండిపోయింది. "తీరిక లేదని చెప్తున్నానా! అమ్మకి ఎవరితోనూ మాట్లాడే తీరిక లేదు. మీ పని మీరు చూసుకోండి!"

ముసలాయన గ్లాసు అరుగు మీద పెట్టాడు.

"అవునులే. ఎవరి సంసారం వాళ్లది," అన్నాడు మెల్లిగా.

లోపల్నుంచి బావ కేకేశాడు. "పండూ, వీడియో తీద్దాం రా! నీ ఫోన్ పట్రా. తీసేవాళ్లెవరు? ఏవండీ పెద్దాయనా, కాస్త మీరు తీసిపెట్టండి!"

ముసలాయన ఫోన్ అందుకున్నాడు.

"ఆ నల్ల కళ్లద్దాలాయన్ని కాస్త ఎడమకి జరపండి. పిల్లలు ముందుకి రండి. పొడుగబ్బాయ్, నువ్వు వెనక్కి. నవ్వండమ్మా, ఇంతమందీ మళ్లీ ఎప్పుడు కలుస్తారు!"

పండు కూడా నవ్వింది. ఆ నవ్వు ఎంత కష్టమో ఆమెకే తెలుసు.

ముసలాయన ఫోన్ తిరిగిచ్చాడు. "అమ్మకి పంపు. తీరికైనప్పుడు చూసుకుంటుంది."

పండు వెంటనే నాన్నకి పంపింది. 'మామయ్య రాలేదు నాన్నా. కనీసం వీళ్లనైనా చూపించు' అని కింద రాసింది.

అటునుంచి జవాబు లేదు. చుట్టాలు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. పండు హాల్లో ఆ చివర్నుంచి ఈ చివరికి పిచ్చిదానిలా తిరుగుతోంది.

బావ భోజనం పొట్లంతో వచ్చాడు. "ఆ గళ్ల చొక్కాయనేడీ? పాపం పొద్దుట్నుంచి మెతుకు ముట్టలేదు."

"ఇందాకే బస్సెక్కేశాడు," అన్నాడు వంటాయన.

"అదేంటి, మీ మనిషిని వదిలేసి మీరిక్కడున్నారా?"

"మా మనిషేంటి బాబూ? మీ వాళ్లే అనుకుని నేనొక్క పనీ చెప్పలేదు. ఆయనే చేసుకుపోయాడు."

పండు చేతిలో ఫోన్ మోగింది.

నాన్న ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియలేదు.

"అమ్మ కళ్లు తెరిచిందమ్మా! నీ వీడియో చెవి దగ్గర పెట్టాను. ఎవరి మాటకీ ఉలకలేదు. 'పిల్లలు ముందుకి రండి' అన్న గొంతు వినగానే పెదాలు కదిపింది. మామయ్య రాలేదంటావేంటి, 'చిన్నన్నయ్యే అది, ఫోన్ ఇవ్వమను' అంటోంది, త్వరగా ఇవ్వమ్మా, ఇక ఎంతోసేపు ఆగేలా లేదు!"