వదిన గొంతు

మా బ్యాగుల రిపేరు షాపు గురించి అన్నయ్య ఫోన్లో "నాణ్యతే మా ధ్యేయం" అని పోస్టు పెడితే ఈగ కూడా వాలలేదు. విసుగొచ్చి ఒకరోజు నేనే రాశాను: "జిప్పునెందుకు తిడతారు? సంచిలో సంసారం మొత్తం కుక్కింది మీరు. తీసుకురండి, కుడతాను. తిట్లు మాత్రం ఫ్రీ."

సాయంత్రానికల్లా షాపు ముందు జనం. అందరిదీ ఒకటే ప్రశ్న, "ఆ తిట్టేదెవరు?"

అన్నయ్య తడుముకోకుండా కౌంటర్లో ఉన్న వదినను చూపించాడు. నేను లోపల మిషను తొక్కుతూనే ఉన్నాను.

ఆ తర్వాత రోజూ నేను రాసేదాన్ని. వదిన ఆ తిట్లు బట్టీపట్టి కస్టమర్లకు అప్పజెప్పేది. వాళ్లు పడీపడీ నవ్వేవాళ్లు.

ఒకరోజు ఒక పెద్దావిడ తిన్నగా లోపలికొచ్చి, "కుట్టేది నువ్వేనా అమ్మా? ఎంత చక్కగా కుట్టావో!" అంది. రాసేది కూడా నేనేనని చెప్పబోయాను. "రా... రా... రా..." దగ్గరే నాలుక ఆగిపోయింది. నాకు చిన్నప్పటి నుంచీ నత్తి.

ఆవిడ జాలిగా చూసి వెళ్లిపోయింది. గుమ్మంలోంచి ఇదంతా చూసిన అన్నయ్యకు మాత్రం చెమటలు పట్టాయి.

"నీ నత్తి గురించి కూడా ఒక పోస్టు రాసెయ్యవే, మీ వదిన రాసినట్టు. నువ్వు రాస్తేనే ప్రాణం ఉంటుంది" అన్నాడు.

ఉండేది వాళ్లింట్లోనే కదా, రాశాను.

"లోపల కుట్టేది మా ఆడపడుచు. బంగారం. పాపం, మాట సరిగా రాదు, పలకరిస్తే బెదిరిపోతుంది. ఏదున్నా నాతో చెప్పండి, నాతోనే తిట్టించుకోండి."

అన్నయ్య చదివి కళ్లు తుడుచుకున్నాడు. "అచ్చం మనసులోంచి వచ్చినట్టుందే!"

దానికి వచ్చినన్ని లైకులు ఇంకే పోస్టుకూ రాలేదు. మర్నాటి నుంచి నన్నెవరూ పలకరించలేదు.