గంటకు నూట ముప్పై ఎనిమిది

“మీరే చేసిండ్రు సార్. రెన్యువల్ అని నా బస్సు నంబరు పలకలు ఊడదీసుకపోయింది మీరే. ఇంకో బండికి బిగించి తోలించింది మీరే. ఇప్పుడు మూడు టికెట్లు నా మొఖాన కొట్టింది కూడా మీరే.”

దోహాలో, అల్ సద్‌లోని కంపెనీ ఆఫీసులో డ్రైవరు హన్మాండ్లు నిలబడే ఈ మాటలన్నాడు. కూర్చోమని ఎవరూ అనలేదు.

ట్రాన్స్‌పోర్టు మేనేజరు వేణుగోపాలరావు ట్రాఫిక్ ఫైన్ టికెట్లను పేకముక్కల్లా సర్దాడు. మూడూ అల్ రువైస్ వెళ్ళే రోడ్డు మీద కెమెరా పట్టినవి. మూడూ శుక్రవారాలే, సెలవు రోజులే. అన్నిట్లోకీ ఎక్కువ వేగం నూట ముప్పై ఎనిమిది.

“డ్యూటీ షీటు మీద సంతకం ఎవరిది?”

“నాదే.”

“బస్సు నంబరు?”

“నా బస్సుదే.”

“మరి నన్నంటావేమిటయ్యా? నీ తప్పు లేదంటే ట్రాఫిక్ ఆఫీసుకు వెళ్ళి అర్జీ పెట్టుకో. ఆ మూడు రోజులూ బస్సు ఎక్కడుందో వాళ్ళకే చెప్పు.” రావు నవ్వాడు. “చెప్పగలవా?”

చెప్పగలడు. చెప్పలేదు. చెబితే పోయేది తనొక్కడిది కాదు.

“ఆదివారం దాకా టైముంది. అర్జీ పెడతావో, ఈ ఒప్పుకోలు కాగితం మీద సంతకం చేస్తావో నీ ఇష్టం. చేస్తే ఫైన్ కంపెనీయే కట్టేస్తుంది. నీకు పైసా ఖర్చు లేదు.”

ఫైన్ గురించి కాదు హన్మాండ్లు బాధ. మూడూ ఒప్పుకుంటే లైసెన్సు పోతుంది.

బ్యారెల్ చమురు వంద డాలర్లు దాటిన ఏడాది అది. దోహాలో టవర్లు లేస్తున్న వేగానికి మాత్రం టికెట్ ఇచ్చే కెమెరా లేదు. హన్మాండ్లు ఆ టవర్ల కింద షట్టరింగ్ పలకలు మోసినవాడు. ఐదుసార్లు టెస్టు తప్పి ఆరోసారి లైసెన్సు తెచ్చుకున్నాడు. ఆ రోజు రావే హోటలుకు తీసుకెళ్ళి బిర్యానీ తినిపించాడు. “మన తెలుగువాడివి. నీ సంగతి నేను చూసుకుంటాను. వారం వారం షీటు మీద సంతకం పెడుతూ ఉండు, నిన్ను డ్రైవర్ల లిస్టులోంచి ఎవడూ తీయడు” అన్నాడు.

‘మన’ అన్న మాట వినబడితే చాలు, చదవకుండా కలం అందుకునే రకం మనం. హన్మాండ్లు అందుకున్నాడు. మూడేళ్ళుగా పెడుతూనే ఉన్నాడు.

శుక్రవారం పొద్దున కూలీల క్యాంపులో పదకొండు మందీ కూడారు. ఒకే రూమువాళ్ళు. రూము పొడుగ్గా, ఇరుగ్గా ఉంటుంది. రెండు వైపులా కిటికీలు. గాలి కోసం కిటికీ పక్క పడక మీద రోజూ పంచాయితీయే.

అందరిలో పెద్దవాడు లస్మయ్య ఉల్లిగడ్డలు కోస్తూ అన్నాడు.

“దస్కతు పెట్టి ఊకో బిడ్డా. నువ్వు అర్జీ పెడితే చూడనీకి ఆఫీసరొస్తడు. వచ్చిండంటే మనకు ఈ రూము ఉండదు. గీ ఎండలకు ఏడ పండుదాం?”

“లైసెన్సు పోతది కాకా.”

“పోతే షట్టరింగ్ చేస్తవ్. ఇంతకుముందు చెయ్యలే? చేతులు అరిగినయా?”

“అరిగినయి.” హన్మాండ్లు అరచేతులు చాపి చూపించాడు.

“కాక గురకకే ఈ రూము ఎన్నడో ఒకనాడు కూలుతది. ఆఫీసరు దాక ఎందుకు?” అన్నాడు జలంధర్.

ఇద్దరు ముగ్గురు నవ్వారు. హన్మాండ్లు నవ్వలేదు.

జలంధర్ స్టోరులో పనిచేస్తాడు. ఇంగ్లీషు చదవగలడు. రావు ఇచ్చిన ఒప్పుకోలు కాగితం అతని చేతిలోనే ఉంది. చదువుతూ చదువుతూ ఒకచోట ఆగిపోయాడు.

“అన్నా, ఇండ్ల ఏమున్నదో రావు సారు నీకు చెప్పిండా?”

“బండి ఉరికిందని ఒప్పుకునుడే గదా.”

“కాదే. ‘ఈ డ్రైవరును మూడుసార్లు మందలించినం. వినలే. ఇసొంటోనితోని మాకు పని లేదు. లైసెన్సు తీసేసుకోండ్రి, దేశం పంపించుడే మంచిది’ అని ఉన్నది. కింద సారు సంతకం ముందే పెట్టిండు.”

హన్మాండ్లు ఇంకోసారి చదివించుకున్నాడు. ఆ కాగితంలో ఎక్కడా ‘మన’ లేదు.

లస్మయ్య కత్తి కింద పెట్టాడు.

“బిర్యానీ పెట్టిండు గదరా నీకు.”

“పెట్టిండు.”

“మందలించిండా ఎన్నడన్నా?”

“పొయిన పండుగకు స్వీటు డబ్బా ఇచ్చిండు కాకా. గదే మందలించుడు.”

లస్మయ్య ఉల్లిపొట్టు పోగుచేసి పక్కన పెట్టాడు. “దస్కతు పెట్టకు. రూము పోతే పోనియ్. అర్జీ రాయి జలంధరూ.”

తక్కినవాళ్ళలో ఇద్దరు తలలు దించుకున్నారు. మూల పడకవాడు లేచి దుప్పటి మడతపెట్టడం మొదలుపెట్టాడు.

జలంధర్ అర్జీ కాగితం మోకాలి మీద పరుచుకుని పేరు, లైసెన్సు నంబరు, టికెట్ల నంబర్లు రాశాడు. చివరి గడి దగ్గర కలం ఆపాడు.

“నీకేం కావాలె అని అడుగుతున్నరు అన్నా. మాఫీ చెయ్యమని రాయాల్నా?”

“ఈ దేశపు అరబ్బీల మాఫీ అంటే ‘లేదు’ అనే గదరా. అది రాయకు. తప్పు చేసినోడు అడగాలె మాఫీ.”

“మరేం రాయాలె?”

హన్మాండ్లు గొంతు సవరించుకున్నాడు.

“రెండేండ్ల సంది ఇటుకల మీద నిలబడి, మమ్ముల పదకొండు మందిని కడుపుల పండబెట్టుకున్న ఈ బస్సుకు ముందుగాల చక్రాలు పెట్టుమని రాయి.”