పొద్దుటి కాగితాలు

బాలనర్సింహ కిటికీలోంచి కాగితం అందుకున్నాడు. చూడగానే ప్రాణం ఉసూరుమంది. మళ్ళీ వంకర్లే.

ఎవరు ఎంత అడ్డదిడ్డంగా ప్రోగ్రాం రాసినా, దాని వరుసలను కంప్యూటరే తీర్చిదిద్ది అచ్చువేసి ఇవ్వాలి. ఆ దిద్దే ప్రోగ్రాంను అతను ఆర్నెల్లు కూర్చుని రాశాడు. పొద్దున ఇస్తే ముత్యాల్లా వచ్చేవి. చిల్లులు కొట్టి ప్రోగ్రాం ఎక్కించిన అవే అట్టకార్డులు మధ్యాహ్నం ఇస్తే తాగినవాడి నడక.

ప్రోగ్రాం రాసేవాళ్ళు కంప్యూటరు గదిలో అడుగుపెట్టకూడదని ఆ మలక్‌పేట ఆఫీసులో కట్టుబాటు. దుమ్ము పడుతుందట. కార్డుల కట్ట కిటికీలో ఇచ్చి, గంట తర్వాత అచ్చు కాగితం అక్కడే తీసుకోవాలి. మధ్యాహ్నం డ్యూటీ వేరొకరిది, పొద్దుటి డ్యూటీ రాజమణిది. కార్డులు కొట్టేదీ, కంప్యూటరుకు పెట్టేదీ ఆమే. మొదటి రోజు పొద్దున ఆమె వంకర కాగితం చేతికిస్తే, అతను అది పట్టుకుని కిటికీ దగ్గరే నిలబడిపోయాడు. మర్నాడు చక్కగా వచ్చింది. అప్పటినుంచి మధ్యాహ్నం ఇవ్వొద్దని ఆమె పోరు పెడుతూనే ఉంది.

మధ్యాహ్నం మిషను వేడెక్కుతోందనుకుని, గదిలో ఏసీ బాగుచేయించమని అర్జీ పెట్టాడు. ఏసీ బాగైంది, వంకర్లు బాగుకాలేదు.

నాలుగేళ్ళుగా టెంపరరీ. ఈ ప్రోగ్రాం నెగ్గితే పర్మినెంటు, లేదంటే గౌలిపురలో అన్నల బర్రెల కొట్టమే దిక్కు. ఆ సాయంత్రం ఆఫీసరు పురుషోత్తం పిలిచి, రెండు కాగితాలు పక్కపక్కన పెట్టాడు.

"ఒక్క మిషను రెండు తీర్ల ఎట్ల చెప్తదయ్యా?"

"పొద్దుగాల సక్కగ వస్తది సార్. పొద్దుగాలనే చూడుండ్రి."

"సరే. రేపు పదింటికి లోపలికే పోదాం. నా ముందల నడిపియ్యి. గప్పుడు కూడ తప్పు వస్తే నన్ను ఏమనకు."

చాలా రోజులకు బాలనర్సింహకు అన్నం సయించింది. దిక్కుమాలిన బతుకులో పొద్దైనా తన పక్షాన ఉందనుకున్నాడు. మర్నాడు తొమ్మిదిన్నరకే కిటికీ దగ్గరికి వెళ్ళి, ఆఫీసరు లోపల నిలబడి కళ్ళారా చూస్తాడని రాజమణికి చెప్పాడు.

ఆమె కార్డుల కట్ట అందుకోలేదు. జ్వరమని చెప్పి ఇంటికి పొమ్మంది, ఎలాగైనా వాయిదా వేయించమని బతిమాలింది. అతనికేమీ అర్థం కాలేదు. వరండాలో పురుషోత్తం అడుగుల చప్పుడు దగ్గరవుతోంది.

"ఎందుకు, రాజమణీ? ఆ మొదటి దినం తప్ప పొద్దుగాల ఎన్నడన్న తప్పు వచ్చిందా?"

ఆమె తల వంచుకుంది.

"పొద్దుగాల సక్కగ వచ్చినవన్నీ, వరుసలు నేనే చేత్తోని సర్ది వేరే కార్డులు కొట్టి అచ్చేసినవే, అన్నా."