తొట్టె గట్టున సిగరెట్టు

కబేళా మురుగు తొట్టెలో ఎర్రగా నిండింది. నీళ్లను తేర్చే ఇనుప మందు పోసి, రాదోయ్కా పిన్ని ఒక సిగరెట్టు ముట్టించి తొట్టె గట్టున పెట్టింది, మా సెర్బులు పోయినవాళ్లకు సమాధి మీద పెట్టినట్టు.

"ఈ మురుక్కి కూడా దమ్ము కావాలా పిన్నీ? బాబాయి సమాధి గుట్టమీద ఉంది గదా," అన్నాను.

"అక్కడున్నది ఒళ్లేరా."

ఆమె భర్త స్రెతెన్ ఈ కబేళా పై అంతస్తులోనే కోత రంపం మీద పడి చనిపోయాడు.

గాలి లేదు. అయినా సిగరెట్టు కొన ఎవరో పీల్చినట్టు ఎర్రబడింది. తొట్టెలో నెత్తురు ముద్దలు కట్టి అడుక్కి దిగుతోంది.

"ఆ పూట ఇక్కడ డ్యూటీ నాదే," అంది. "పైన ఏం జరిగిందో అప్పటికింకా నాకెవరూ చెప్పలేదు. నీళ్లు రోజూలాగే ఎర్రగా వచ్చాయి, మందు పోశా. ఇవాళ భలే తేరాయే అనుకుని ఏట్లోకి వదిలేశా."