పేరు రాసిన మట్టి

మిట్టమధ్యాహ్నం తన కొబ్బరితోటలో ముక్కూమొహం తెలియని ముసలాయన ఒకడు గొంతుక్కూర్చుని మట్టి వాసన చూస్తుంటే, బుల్లియ్య చటుక్కున ఓ చెట్టు చాటుకి నక్కాడు.

బుల్లియ్యకు భయమంటే తెలీదని ఊళ్ళో చెప్పేవాడు ఒక్కడే. వాడు బుల్లియ్య.

తుఫాను వెళ్ళిన దగ్గర్నుంచీ తోటకి ఏదో పట్టింది. చెట్టు మొదట్లో నెత్తురులాంటి బంక కారడం, మట్టలు వేలాడిపోవడం, చివరికి మోడు మిగలడం. నలభై చెట్లలో పదకొండు పోయాయి.

"బయటికి పొక్కితే ఉన్నవాటికీ దిష్టి తగులుద్ది. నోరెత్తకు" అని పెళ్ళాం సంపూర్ణమ్మకి గట్టిగా చెప్పాడు.

ఆవిడ నోరెత్తలేదు. ముసలాయన కనబడ్డ పూట ఆవిడ ఇంట్లో లేదు, ద్రాక్షారామంలో అక్కగారింటికి వెళ్ళింది.

చచ్చిన చెట్ల నడుమ ఒకే ఒక్కటి పచ్చగా నిలబడి ఉంది. ముసలాయన కూర్చున్నది సరిగ్గా దాని మొదట్లోనే. చెంచాతో మట్టి తీసి ఒక్కో కవర్లో పోసి, పైన పెన్నుతో ఏదో రాశాడు.

బుల్లియ్య పక్కతోట అచ్చిబాబుని వెంటబెట్టుకొచ్చాడు.

"ఎవరండీ మీరు?"

"బుల్లియ్యగారంటే మీరేనాండీ?" అన్నాడాయన, కళ్ళజోడు సర్దుకుంటూ.

నా పేరు వీడికెవడు చెప్పాడు? బుల్లియ్య అచ్చిబాబు వెనక్కి జరిగాడు.

"నా తోటలో మీకేం పనండీ?"

"మీరు రమ్మంటేనే వచ్చానండీ."

"నేనా? నేనెప్పుడు రమ్మన్నానండీ?"

అచ్చిబాబు చెవిలో గొణిగాడు. "చేతబడోళ్ళు, చిల్లంగి పెట్టేవోళ్ళు ఇలాగే అంటారు బావా. తుని అవతల ఒకడు పిడికెడు మట్టి పట్టికెళ్తే, మూడోనాటికి తోట తోటంతా లేచి ఏట్లోకి నడిచెళ్ళిపోయిందంట."

మామూలు రోజైతే, 'ఆ చెట్లకి చెప్పులు నువ్వే కుట్టావా' అనేవాడు బుల్లియ్య. ఇవాళ నవ్వు రాలేదు. ఒక కవరు లాక్కుని చూశాడు.

దాని మీద తన పేరు. ఇంటిపేరుతో సహా.

పొలం మట్టి, పైన మనిషి పేరు. చిల్లంగికి ఇంకేం కావాలి?

"అయ్యా, ఒక్క మాట వినండి..."

"వినకు బావా. వింటే మాట పడిపోద్ది."

బుల్లియ్య గబగబా చెవులకి తువ్వాలు చుట్టేసుకున్నాడు. అచ్చిబాబు కవర్లన్నీ కాలవలో కుమ్మరించాడు. తోపులాటలో కళ్ళజోడు పడి పగిలింది. ముసలాయన వంగి ఆ ముక్కలు ఏరుకుని, రోడ్డెక్కి, వెనక్కి తిరిగాడు.

"ఆ చెట్టుని మాత్రం కొట్టకండి బాబూ."

ఆ మాట తువ్వాలు దాటుకుని మరీ వినిపించింది.

"చూశావా బావా, వాడి గుట్టంతా ఆ చెట్టులోనే ఉంది" అన్నాడు అచ్చిబాబు.

పొద్దుగూకేలోపు చెట్టు కూలింది. మొదలంతా గునపాలతో పెళ్ళగించి, కిరసనాయిలు పోసి, మట్టి ఎర్రబడేదాకా కాల్చారు.

అయినా ఆ వారంలోనే మరో మూడు చెట్లకి బంక మొదలైంది.

ఆ తర్వాత వ్యవసాయ ఆఫీసు నుంచి సత్యశ్రీ అనే అమ్మాయి మోపెడ్ మీద వచ్చింది.

"చచ్చిన చెట్ల నడుమ పచ్చగా ఉన్న చెట్టేదండీ? దాని మొదట్లో మట్టి కావాలి."

"ఎందుకమ్మా?"

"అందులో మంచి బూజు ఉండుంటుందండీ. చెట్లని చంపే బూజుని అది తినేస్తుంది. అందుకే ఆ ఒక్కటీ బతికింది. దాన్ని వేపపిండిలో పెంచి మిగతావాటికి వేస్తే తోట నిలబడుద్దని మా పెద్దసారు చెప్పారు. రిటైరైపోయారు, అయినా మీ ఉత్తరం చదివి ఆయనే బస్సెక్కి వచ్చారు కదండీ. దార్లో కళ్ళజోడు పోగొట్టుకున్నారంట, మళ్ళీ రాలేక నన్ను పంపారు."

బుల్లియ్య కాలిన గుంట వైపు చూశాడు.

"నేను ఏ ఉత్తరమూ రాయలేదమ్మా."

సత్యశ్రీ ఫైల్లోంచి పోస్టుకార్డు తీసి చేతికిచ్చింది.

'మా తోట చచ్చిపోతోందండీ, ఎవరైనా ఒక్కసారి వచ్చి చూడండి' అని రాసి కింద బుల్లియ్య పేరు పెట్టిన ఆ గుండ్రటి అక్షరాలు సంపూర్ణమ్మవి.